మూడు వాటాల పరీక్ష

ఆ గోదారి లంకలో తమ ఇంటంత తెలివైన ఇల్లు లేదని వీరభద్రం, సూర్రావు, చిట్టబ్బాయి అనే ముగ్గురు అన్నదమ్ములకి గట్టి నమ్మకం. ఆ ఇంట్లో ఏదొచ్చినా మూడు సమాన వాటాలు. కోడిగుడ్డు ఒక్కటే ఉంటే దారంతో కోసి ముగ్గురూ తినేవారు. అందుకే మా ఇంట్లో తగువు పుట్టదని మీసాలు దువ్వుకునేవారు. దువ్వెన ఒకటే, తలా మూడు దువ్వులు.

పెద్దవాడు వీరభద్రం ఒక్క సంగతి మాత్రం పంచుకోలేదు. మూడు నెలలుగా దొడ్డికి వెళ్తే రక్తం పడుతోంది. యాభై నాలుగేళ్ళ మనిషి, చెప్పుకోడానికి సిగ్గు. లోపల భయంతో చచ్చిపోతున్నాడు.

అప్పుడే నర్సమ్మ ఎస్తేరు అరటితోటలోకొచ్చి రైతుల్ని కూర్చోబెట్టింది. "వానలకి ముందు పంటబోదెలో పూడిక చూసుకుంటారా లేదా? పెద్దపేగూ అంతే. యాభై దాటినోళ్ళు ఈ డబ్బాలో దొడ్డికెళ్ళింది రవ్వంత పెట్టి తెండి. క్యాన్సర్ రాకముందే పట్టేద్దాం," అంది.

ఇంకేముంది, చిట్టబ్బాయి పార పట్టుకొచ్చాడు. "అన్నియ్యని బోర్లా పడుకోమనమంటారా?" అన్నాడు.

ఎస్తేరు పార లాక్కుని వీరభద్రం చేతిలో డబ్బా పెట్టింది. మర్నాడు డబ్బా వచ్చింది. పరీక్షలో రక్తం కనబడింది. వీరభద్రాన్ని పిలిస్తే ముగ్గురూ వచ్చారు.

"అందులో ముగ్గురిదీ ఉందండి," అన్నాడు సూర్రావు. "అన్నియ్య ఒక్కడే ఇత్తే మేం పరాయోళ్ళమా? సమానంగా ఏశాం."

ఎస్తేరు నెత్తి కొట్టుకుంది. "మరి రక్తం ఎవరిది?" అంది.

వీరభద్రం కళ్ళనిండా నీళ్ళు. "నాదేనమ్మా. మూడు నెల్లయ్యింది."

చిట్టబ్బాయి అన్న మీద మండిపడ్డాడు. "మూడు నెల్లు ఒక్కడివే భయపడ్డావా? మా వాటా ఏది?"

ఆ మాటకి వీరభద్రం ఏడుస్తూనే నవ్వాడు. పేగులోకి గొట్టం వేసి చూడాలన్నారు పెద్దాసుపత్రిలో. పేగు శుభ్రపడటానికి మందు ఇచ్చారు. అంతే, దాన్నీ మూడు చెంబుల్లో పోశారు. ఇంట్లో మరుగుదొడ్డి ఒకటే. మిగతా ఇద్దరూ ఎక్కడికి పరిగెత్తారో అరటితోటకే తెలుసు. అన్న పేగు సగం కూడా శుభ్రపడలేదని డాక్టరమ్మ వెనక్కి పంపేసింది.

రెండోసారి ఎస్తేరు ఎదురుగా కూర్చుని మందంతా వీరభద్రం చేతే తాగించింది. లోపల శనగగింజంత బుడిపె దొరికింది. అక్కడికక్కడే తీసేశారు.

"క్యాన్సర్ కాకముందే పోయింది. ఇక భయం లేదు," అంది డాక్టరమ్మ. "మూడేళ్ళ తర్వాత మళ్ళీ వచ్చి చూపించుకో."

సరిగ్గా ఏడాదికి, అరటిగెల మోసుకుంటూ ముగ్గురూ ఆమె గుమ్మంలో నిలబడ్డారు.

"మూడేళ్ళన్నాను కదయ్యా?"

"అయిపోయాయండి," అన్నాడు చిట్టబ్బాయి మీసం దువ్వుతూ. "తలా ఒక ఏడాది పంచుకున్నాం."