ఎడమ పురి దయ్యం

అనగనగనగా ఒక ఊళ్ళో ఒక నేతవాళ్ళ ఇల్లుండేదర్రా. ఆ ఇంటికి నాంచారి అని కొత్త కోడలొచ్చింది. కన్నతల్లి లేదు. మారుతల్లేమో అత్తారింటికి వెళ్ళేటప్పుడే, మళ్ళీ ఈ గడప తొక్కకు అని చెప్పి మరీ సాగనంపింది. అంచేత ఆ పిల్లకి ఈ ఇల్లు తప్ప వేరే దిక్కులేదు. ఊ కొడుతున్నారా? కొట్టకపోతే ఇక్కడితో ఆపేస్తా, నాకేం!

అత్తగారు భద్రమ్మ. చెడ్డదేం కాదు గానీ, మనసు కంటే నోరు ముందు పరిగెడుతుంది. నాంచారికి కండెలు చుట్టే పని అప్పజెప్పింది. చిలపల్లోంచి, అదే పెద్ద నూలు చుట్టల్లోంచి, నూలు తీసి చిన్న కండెలకి చుట్టిస్తే మగాళ్ళు మగ్గం మీద నేస్తారన్నమాట. పిల్లకి ఆ పనంటే ఎంతిష్టమో! వేళ్ళ మధ్య నూలు జారుతుంటే ఎక్కడలేని బెంగా మరిచిపోయేది. తెగిన ముక్కలు కూడా పారెయ్యదు. చిక్కు తీస్తే పోగు, పోగు పేనితే తాడు, తాడు ముడేస్తే ఉట్టి, ఉట్టిలో చట్టి, చట్టిలో పెరుగు... పెరుగనగానే లేచి కూర్చున్నావేంరా, అన్నం తిని గంట కాలేదు!

అంతా బాగానే ఉండును గానీ, మధ్యాహ్నం అందరూ ఓ కునుకు తీసి లేచేసరికి, పొద్దుట చుట్టిన కండెలన్నీ ఊడిపోయి నూలంతా చిక్కుపడిపోయి ఉండేది. ఒకరోజు, రెండ్రోజులు, మూడ్రోజులు. భద్రమ్మ లబోదిబోమంది. కోడలికి చేతకాకే ఇదంతా అంది. శుక్రవారం లోపల ఇది ఆగకపోతే మూట సర్దుకోమని తేల్చి చెప్పేసింది. మొగుడా? వాడు వాళ్ళమ్మ ముందు నోరు విప్పితే ఒట్టు! మూట సర్దుకుని ఎక్కడికెళ్తుంది పాపం ఆ పిల్ల?

గురువారం మధ్యాహ్నం నాంచారి పడుకోలేదు. తలుపుచాటున కూర్చుంది. ఎండ మండిపోతోంది, కాకి కూడా అరవడంలేదు. అప్పుడు అటకమీంచి మెల్లగా దిగింది ఒక ముసలి దయ్యం. అబ్బ, దుప్పటి లాక్కోకండర్రా, అది పీక్కుతినే దయ్యం కాదు! దయ్యాలకి పాదాలు వెనక్కి తిరిగుంటాయిగా? దీనికి చేతులు కూడా వెనక్కే. చతికిలబడి, కండె ఒళ్ళో పెట్టుకుని పేనడం మొదలెట్టింది. మనం కుడికి తిప్పితే దాని చెయ్యి ఎడమకి తిరుగుతుంది. ఇంకేముంది, ఉన్న పురి, అదే నూలుకుండే మెలిక, అది కూడా ఊడిపోయి నూలు చిక్కుపడిపోతోంది. అది చూసుకుని ముసల్ది కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

నాంచారికి భయం పోయి జాలేసింది. ఎదురుగా వెళ్ళి కూర్చుని, ఎవరవ్వా నువ్వు అని అడిగింది. నేను మీ అత్తకి అత్తనే, బుచ్చమ్మని అంది దయ్యం. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ నూలు పట్టిన దాన్ననీ, చివరికి కళ్ళు కనపడక రెండు కండెలు పాడుచేస్తే భద్రమ్మ నా చేతిలోంచి నూలు లాగేసుకుని ఊరికే కూర్చోమందనీ, ఆ వానాకాలం దాటకుండానే పోయాననీ చెప్పింది. ప్రాణం పోయింది గానీ చేతులు ఊరుకోవడంలేదే తల్లీ, అని ఏడ్చింది.

నాంచారికి చప్పున తాడు పేనడం గుర్తొచ్చింది. తాడు ఎలా పేనుతారు? ముందు ఒక్కో పాయకీ, అదే పేటకీ, కుడివైపు పురి పెట్టాలి. రెండు పేటలూ కలిపేటప్పుడు మాత్రం ఎడమవైపు తిప్పాలి. అప్పుడే ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుంటాయి. ఇంకేం! గబగబా తను రెండు పేటలు చేసి అవ్వ చేతిలో పెట్టింది. అవ్వ తనకి వచ్చినట్టే తిప్పింది. చూద్దురు కదా, ఏనుగుని కట్టినా తెగని తాడు! ముసల్దాని మొహం వెలిగిపోయింది.

అంతలో భద్రమ్మ నిద్రలేచి, తిట్టడానికే వచ్చింది. వచ్చి చూస్తే ఎదురుగా అత్తగారు! వెళ్ళి ఆవిడ ముందు కూలబడింది. నూలు పాడవుతోందని లాక్కున్నానత్తా, నీ ప్రాణమంతా అందులోనే ఉందని తెలుసుకోలేకపోయాను, నాదే తప్పు అని భోరుమంది.  అవ్వ తాడు కొస ఒకటి భద్రమ్మ చేతికిచ్చి పట్టుకోమంది. ముగ్గురూ కూర్చుని పొద్దువాలేలోగా చిక్కంతా తీసి, పోగులు పేని, తాడు ముడేసి, ఉట్టి కట్టారు. చివరి ముడి వేసి, అవ్వ తన చేతులు ఒళ్ళో పెట్టుకుంది. హమ్మయ్య అంది. అంతే, మళ్ళీ కనపడలేదు.

భద్రమ్మ కోడల్ని కావలించుకుని, ఇది నీ ఇల్లే తల్లీ, నిన్ను వెళ్ళమనడానికి నేనెవరు అంది. ఆ తర్వాత చాలా ఏళ్ళు హాయిగా బతికారు. భద్రమ్మా ముసల్దయింది. ఒకనాడు ఆవిడ చెయ్యి వణికి కండె పాడైంది. భయంభయంగా కోడలివైపు చూసింది.  నాంచారి రెండు పేటలు పురిపెట్టి తెచ్చి, అత్తగారి ఒళ్ళో పెట్టి, కొస పట్టుకుని ఎదురుగా కూర్చుంది.

విన్నారుగా? రేపు మీ అమ్మ, కళ్ళు కనపడవు ఒత్తులు చెయ్యకే అమ్మా అని నా చేతిలో పత్తి లాక్కుంటే, ఈ కథ మీరే చెప్పండి దానికి. చేసే చేతుల్ని ఆపకూడదర్రా. సరే, కథ కంచి దారి పట్టింది, ఇక మీరు నిద్ర దారి పట్టండి.