గాజుల నాంచారమ్మ అడిగిన మూడు మాటలు

మన తాతల తాతలు గోచీలు పెట్టుకుని తిరిగే రోజుల్లో ఇప్పగుంట అనే ఊరొకటి ఉండేది. ఆ ఊళ్ళో గాజుల నాంచారమ్మ ఉండేది. చేతిలో గాజుల మలారం, నోట్లో ఆకూవక్కా, అందరిళ్ళూ తనవే. ఎందుకు అని అడగకపోతే ఆమెకు అన్నం సయించదు. కోడి పొద్దున్నే ఎందుకు కూస్తుంది, ఉప్పెందుకు కరుగుతుంది అని మొగుడు బతికినన్నాళ్ళూ ఆయన ప్రాణం తోడేసింది.

ఆ ఏడు పక్క ఊళ్ళో అమ్మవారు పోసింది. అంతకు ముందేడు నాంచారమ్మ కూతుర్ని తీసుకుపోయిందీ ఆ జబ్బే. ఇక మిగిలింది మనవరాలు తిరపతమ్మ ఒక్కతే.

టీకాలాయన ఒకడు ఎద్దుబండి మీద వచ్చి ఊరందరి చేతులకూ టీకాలు వేశాడు. తిరపతమ్మకు ఒళ్ళు వెచ్చగా ఉందని, తగ్గాక వేస్తానన్నాడు. ఇంతలో కొందరి చేతులు బూరెల్లా వాచాయి. అమ్మకు కోపం వచ్చిందని ఊరు గొల్లుమంది. పెద్దకాపు వీర్రాజు అందర్నీ పోగుచేసి, సాయంత్రానికల్లా టీకాలాయన్ని ఊరు దాటించాలన్నాడు. ఆయన పోతే తిరపతమ్మకు టీకా లేదు. ఇక నాంచారమ్మ నోరు ఊరుకుంటుందా?

"అందరికీ వేసింది ఒకటే టీకా గదా బాబూ. కొందరికే ఎందుకు వాచింది?" అంది.

అదేదో తనే కనుక్కొస్తానంది. సాయంత్రం దాకా ఆగమని బతిమాలి, మలారం ఇంట్లో పడేసి బయల్దేరింది.

మొదటి ఇంట్లో, "చెయ్యి చూపించమ్మా. నొప్పుందా? జ్వరమొచ్చిందా?" అని అడిగింది. రెండో ఇంట్లోనూ అవే అడిగింది. ఏమీ తేలలేదు. మూడో ఇంట్లో తోడికోడళ్ళు. పెద్దామెకు చెయ్యి వాచింది, చిన్నామెకు లేదు. తినేది ఒకే కుండలో కూడు, టీకా వేయించుకున్నదీ ఒకేరోజు. నాంచారమ్మ ఇద్దరి చేతులూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూసింది. పెద్దామె అమ్మవారికి భయపడి, పసుపుకొమ్ము కట్టిన తాడు సరిగ్గా టీకా మీదే బిగించి కట్టుకుంది. చిన్నామె కట్టుకోలేదు.

అప్పట్నుంచి మూడో మాట కలిసింది. "చెయ్యి చూపించమ్మా. నొప్పుందా? జ్వరమొచ్చిందా? చేతికేం కట్టారు?"

వాచిన ప్రతి చేతికీ తాడుంది. ఎగిరి గంతేద్దామనుకుంది. చివరికి చాకలి సింహాద్రి ఇంటికెళ్ళింది. వాడి కూతురి చెయ్యి వాచింది, జ్వరం కాలిపోతోంది. తాడు మాత్రం లేదు. అసలు కట్టనే లేదట.

నాంచారమ్మ ఆ గుమ్మంలోనే కూలబడింది. ఇది చెబితే టీకాలాయన్ని తరిమేస్తారు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. తిరపతమ్మ మొహం కళ్ళముందు మెదిలింది. ఏడుపొచ్చింది. కళ్ళు తుడుచుకుని లేచింది.

ఊరందరి ముందూ తాళ్ళ సంగతి చెప్పింది. జనం ఊపిరి పీల్చుకున్నారు. ఆమె అక్కడితో ఆగలేదు.

"సింహాద్రి కూతురికి తాడు లేకుండానే వాచింది. ఎందుకో నాకు తెలీదు."

టీకాలాయన తల వంచుకున్నాడు. తనకూ తెలియదని, ఆ పిల్ల లేచి తిరిగేదాకా ఆ వాకిట్లోంచి కదలనని అన్నాడు.

వీర్రాజు జనం వైపు తిరిగాడు.

"తనకు చేటయ్యే మాట కూడా దాచలేదు. ఈమె చెప్పిందంతా నమ్ముతాను. టీకాలాయన ఊళ్ళోనే ఉంటాడు," అన్నాడు.

జనం తాళ్ళు విప్పుకున్నారు, వాపులు దిగాయి. టీకాలాయన అన్నమాట ప్రకారం ఆ వాకిట్లోనే ఉండి పిల్లకు సేవ చేశాడు. పిల్ల లేచి గంజి తాగింది. ఆ తర్వాతే తిరపతమ్మకు టీకా పడింది. అమ్మవారు ఆ ఏడు ఇప్పగుంట పొలిమేర దాటి లోపలికి రాలేదు.

నాంచారమ్మ పోయి ఎన్ని తరాలైందో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ ఆ వైపు పిల్లకు సూది వేయిస్తే పసుపుతాడు రెండో చేతికే కడతారు. మర్నాడు ఇరుగింటావిడ వచ్చి ఆ మూడు మాటలూ అడుగుతుంది. ఆమె ఎవరైనా సరే, ఆ పూటకు ఆమెను నాంచారమ్మ అనే పిలుస్తారు. తల్లి మొహమాటపడి అంతా బాగానే ఉందని సర్దబోతే, ముసలమ్మలు ఊరుకోరు.

"బాగాలేనిది కూడా చెప్పవే, నాంచారమ్మ అడుగుతోంది," అంటారు.