ఒరిగిపోయిన బొబ్బర మొక్కలు

అనగనగా, నాలుగు పక్కలా గోదారి పారే ఒక లంక ఊళ్ళో, తాయారని ఏడో తరగతి పిల్ల ఉండేదమ్మా.

వాళ్ళ బడికి గంగాధరం మాస్టారు ఒకరోజు గుప్పెడు బొబ్బర్లు తెచ్చారు. "వీటి తోడబుట్టినవి రాకెట్టెక్కి అంతరిక్షంలోకి వెళ్ళాయర్రా. అవి అక్కడ, ఇవి ఇక్కడ. ఏవి ఎలా పెరుగుతాయో చూద్దాం" అన్నారు.

అప్పుడు పిల్లలు లోపలిది కనిపించే ఎనిమిది ప్లాస్టిక్ గ్లాసుల్లో తడిదూది కూరి, గింజలు పెట్టి, కిటికీ పక్క బల్ల మీద ఉంచారు. రోజూ మొక్కల ఎత్తు కొలిచి రాయడం అందరి పని. నీళ్ళు చిలకరించడం, సాయంత్రం కిటికీ గడియ వెయ్యడం తాయారు వంతు.

మూడో రోజుకి మొలకలొచ్చాయి. అదేరోజు రాకెట్టు పంపినవాళ్ళు పైనున్న గింజల ఫొటో పంపారు. అక్కడా మొలకలే. నేలే లేని చోట మొలకేమిటని పిల్లలు నోళ్ళు తెరిచారు.

ఆ తర్వాత ఇంకో ఫొటో వచ్చింది. అందులో వేళ్ళు ఒకటి పైకి, ఒకటి పక్కకి, ఎటుపడితే అటు. ఇక్కడివేమో బుద్ధిగా కిందికే. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. "ఆలోచించండి" అని మాస్టారు ఊరుకున్నారు.

ఆ తర్వాత, సోమవారం పొద్దున్నే తలుపు తీసి తాయారు కొయ్యబారిపోయింది. శనివారం గడియ మరిచిపోయింది మరి. గాలికి కిటికీ తెరుచుకుని, ఎనిమిది గ్లాసులూ బల్ల మీద పక్కకి పడున్నాయి. గబగబా నిలబెట్టేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది పాపం. చెయ్యి కూడా చాపింది.

అప్పుడు చూసింది. పడుకున్న గ్లాసుల్లోంచి కాడలు వంపు తిరిగి ఆకాశంకేసి లేచాయి. వేళ్ళు మలుపు తిరిగి నేలకేసి దిగాయి. ఎనిమిదికి ఎనిమిదీ అంతే. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని మాస్టారి దగ్గరికి పరుగెత్తింది.

"గడియ నేనే వెయ్యలేదండీ. అన్నీ పడిపోయాయి."

మాస్టారొచ్చి ఒక్కో గ్లాసు దగ్గరా వంగి చూశారు. ఆ తర్వాత "నువ్వు ముట్టుకోలేదు కదమ్మా?" అన్నారు.

"లేదండి."

"ఎత్తుల కొలతలిక పనికిరావు. అది నష్టమే. కానీ చూడు, నేల లాగుతుంటుంది గనక కింద ఎటో ఈ మొక్కకి తెలుసు. పైన ఆ లాగుడు తెలియదు. అందుకే అక్కడి వేళ్ళకి దారి తెలియలేదు."

అప్పుడు పిల్లలు జరిగింది జరిగినట్టు రాసి, బొమ్మలేసి, రాకెట్టు పంపినవాళ్ళకి పంపారు. వారానికి జవాబొచ్చింది. "ఈసారి సగం గ్లాసులు మీరే కావాలని పడుకోబెట్టండి. వాటిని తాయారుకే అప్పగించండి" అని.

తాయారు నమ్మలేక ఆ ఉత్తరం మూడుసార్లు చదువుకుంది.

కథ వెళ్ళింది కంచికి,
కునుకొచ్చింది కంటికి.
దుప్పటి కప్పుకో తల్లీ.