హొన్నూరమ్మ ముంత

శరభయ్యకు ఒకటే దిగులు. మఠానికి వచ్చి మూడేళ్ళయినా గురువు నింబయ్య తాత తనకు ఉపదేశం ఇవ్వలేదు.

ఎందుకివ్వలేదో ఎంత ఆలోచించినా అతనికి తట్టేది కాదు. తనలో ఏం లోపముందని? మిద్దె ఇల్లు, నలభై ఎకరాల చేను, రెండు జతల ఎద్దులు, అన్నీ అన్నదమ్ములకు వదిలేసి కట్టుబట్టలతో వచ్చినవాడాయె. ఆ సంగతి అతను గొప్పగా చెప్పుకునేవాడు కాదు పాపం. కాకపోతే మఠానికి ఎవరు కొత్తగా వచ్చినా పొద్దుగూకేలోగా వాళ్ళకు ఎలాగో తెలిసిపోయేది.

మఠమంటే పెద్ద మఠమేమీ కాదు. రాళ్ళవంక ఊరి పక్కన, గుట్ట కింద రెండు కొట్టాలు, ఒక పొయ్యి, ఒక రాతిబండ, అంతే. నింబయ్య తాత పగలంతా ఆ బండ మీద కూర్చుని కిత్తనారతో తాళ్ళు పేనేవాడు. దారిన పోయేవాళ్ళు ఎవరొచ్చినా మధ్యాహ్నం ఇంత సంకటి ముద్ద పెట్టి పంపడం ఆ మఠం పని. ఆ సంకటికి గింజలు ఊరే ఇచ్చేది.

ఎలాగంటారా? రాళ్ళవంకలో ఏ ఇల్లాలైనా ఎసట్లో గింజలు పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న ముంతలో వేసేది. దాన్ని తాత ముంత అనేవాళ్ళు. సోమవారం వచ్చిందంటే శరభయ్య జోలె తగిలించుకుని ఊళ్ళోకి వెళ్ళి, గడప గడపకూ నిలబడి "తాత పిడికిలి, తల్లీ" అని పిలిచేవాడు. ఇంటావిడ ముంత తెచ్చి జోలెలోకి వంచేది. జోలె పట్టినవాడు "చాలు తల్లీ" అనేదాకా వంచిన చెయ్యి ఆమె ఎత్తకూడదు. ముంతలో అడుగున నాలుగు గింజలైనా మిగిలి ఉండగానే అతను ఆ మాట అనెయ్యాలి. అదీ అక్కడి పద్ధతి.

ఊళ్ళో ఎనభై గడపలు. శరభయ్య ఎనభైసార్లు "చాలు తల్లీ" అనేవాడు. అలవాటైపోయి, అంటున్నట్టు కూడా అతనికి తెలిసేది కాదు.

తాత పెట్టిన నియమం ఇంకొకటుంది. ఏ గడపా దాటిపోకూడదు. జోలె దాటిపోయిందంటే ఆ ఇంటి గింజ తినదగింది కాదని అర్థం. ఎప్పుడో తాతల కాలంలో ఒక ఇంటివాళ్ళు చెయ్యరాని పని చేస్తే ఆ గడప అలాగే దాటారనీ, వాళ్ళు ఏడాది తిరక్కుండా ఊరు వదిలిపోయారనీ ముసలివాళ్ళు చెప్పేవారు. శరభయ్య కూడా విన్నాడు. ఇవన్నీ పాతకాలపు మాటల్లే అనుకుని వదిలేశాడు.

ఆ ఏడు వాన మొహం చాటేసింది. చేలు ఎండాయి. ఊరి చివర, గొర్రెల దొడ్ల పక్కన హొన్నూరమ్మ అని ఒక ఒంటరి మనిషి ఉండేది. అరవై దాటిన వయసు. కంబళ్ళు నేసేవాళ్ళకు ఉన్ని వడికిచ్చి, వాళ్ళిచ్చే కొర్రలతో పొయ్యి వెలిగించుకునేది. ఒక సోమవారం ఆమె ముంత తేవడానికి లోపలికి వెళ్ళినప్పుడు శరభయ్య ఉండబట్టలేక తొంగిచూశాడు. రెండు కుండలు బోర్లించి ఉన్నాయి. గంపలో కొర్రలు అడుగంటాయి. అయినా ఆమె మామూలుగానే వచ్చి, మామూలుగానే ముంత వంచింది. ఆ గింజలు జోలెలో పడుతుంటే శరభయ్య మనసు చివుక్కుమంది.

మఠానికి రాగానే తాతతో చెప్పాడు. ఆవిడకే తినడానికి లేదనీ, అలాంటి ఇంట్లో జోలె పట్టడం పాపమనీ ఆవేశంగా చెప్పాడు. తాత నార చీలుస్తూనే విన్నాడు.

"ఇచ్చిందా?"

"ఇచ్చింది తాతా."

"ఏడుస్తా ఇచ్చిందా?"

"లేదు. నవ్వుతానే ఇచ్చింది."

"అయితే పట్టు," అని తాత మళ్ళీ తాడు పేనుకోసాగాడు.

శరభయ్యకు ఆ జవాబు నచ్చలేదు. తాతకు మోకాళ్ళ నొప్పులు, ఊళ్ళోకి వెళ్ళి ఆరేళ్ళయింది, జనం కష్టం ఆయనకేం తెలుస్తుంది అనుకున్నాడు. ఆ రాత్రికల్లా, తనకున్నంత జాలి తాతకు లేదని కూడా తేల్చేసుకున్నాడు. చూశారా మనవాడి తెలివి!

ఆ పై సోమవారం అతను దొడ్ల దాకా వెళ్ళి, హొన్నూరమ్మ గడప తొక్కకుండా వెనక్కి తిరిగాడు. ఆ తర్వాతి వారమూ అంతే, మూడో వారమూ అంతే. నాలుగో సోమవారం ఇంకో అడుగు ముందుకేశాడు. మఠం గంపలోంచి రెండు మానికల గింజలు గుడ్డలో మూటగట్టి తీసుకెళ్ళాడు. ఆమె ఉన్ని ఇవ్వడానికి కంబళ్ళవాళ్ళ ఇంటికి వెళ్ళిన సమయం చూసి, మూట గడప మీద పెట్టి వచ్చేశాడు. వస్తుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి కూడా తెలియనివ్వలేదని తనను తనే మెచ్చుకున్నాడు. ఆ పూట ఒక ముద్ద ఎక్కువ కూడా తిన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం శరభయ్య బాటసారులకు సంకటి వడ్డిస్తుంటే హొన్నూరమ్మ వచ్చింది. కొట్టాల దగ్గరకు రాలేదు. మఠం హద్దురాయి అవతలే నిలబడిపోయింది. చేతిలో ఆ మూట ఉంది.

తాత లోపలికి రమ్మని పిలిచాడు. ఆమె తల అడ్డంగా ఊపి, అక్కడినుంచే చెప్పుకొచ్చింది. మొదటి సోమవారం జోలె రాకపోతే సామి మరిచిపోయాడేమో అనుకుందట. రెండోవారం పొద్దున్నే ముంత పట్టుకుని గడపలో నిలబడిందట. మూడోవారం అలా నిలబడి ఉండగానే జోలె వెనక్కి తిరిగిపోవడం వీధంతా చూసింది. అప్పటినుంచీ పక్కింటామె పొయ్యిలోకి నిప్పు కోసం రావడం మానేసింది. నిన్న కంబళ్ళవాళ్ళు కొత్త ఉన్ని తర్వాత ఇస్తాంలే అని పంపేశారు. తీరా ఇంటికొచ్చి చూస్తే గడప మీద ఇది.

ఆమె మూట విప్పింది. కొర్రలు, జొన్నలు, రాగులు, అన్నీ కలగలిసి ఉన్నాయి. రాళ్ళవంకలో ఏ ఇంట్లోనూ గింజలు అలా కలిసి ఉండవు. ఎనభై ఇళ్ళ గింజలు కలిసేది ఒక్క తాత జోలెలోనే. మూట ఎక్కడిదో ఆ ఊళ్ళో ఎవరైనా ఇట్టే చెబుతారు. శరభయ్యకు ఆ ఊహే రాలేదు.

"నేనిచ్చిన గింజలు నా గడపకే తిరిగొచ్చినాయి తాతా," అంది హొన్నూరమ్మ. "ఇందులో నావి ఏవో తెలీలేదు. అందుకే ఒక్కటీ ముట్టలా. ఏం తప్పు చేసినానో చెప్పు, దిద్దుకుంటా."

తాత ఆ గింజల వైపు చూశాడు. తర్వాత శరభయ్య వైపు ఒక్కసారి చూశాడు.

శరభయ్య చేతిలో తెడ్డు అలాగే ఉండిపోయింది. తను చేసిందేమిటో అప్పుడు తెలిసొచ్చింది. ఒక మనిషిని ఊరంతటి ముందూ వెలివేసి వచ్చి, హాయిగా ఒక ముద్ద ఎక్కువ తిన్నాడు.

"నేనే తల్లీ," అన్నాడు. "నేనే పెట్టినాను. తాతకు తెలీదు. నీకు లేదని..."

"లేదని నీతో నేనన్నానా సామీ?"

ఆమె కోపంగా అడగలేదు. ఎప్పుడైనా నోరు జారి అలా అన్నానా అని నిజంగానే గుర్తు చేసుకుంటున్నట్టు అడిగింది. శరభయ్య తలెత్తలేకపోయాడు. ఆమె నాలుగు తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

తాత లేచాడు. కొయ్యకున్న జోలె తీసి తన భుజానికే తగిలించుకున్నాడు. శరభయ్య గాభరాగా వచ్చి చెయ్యి పట్టుకోబోతే, అతన్నీ హొన్నూరమ్మనూ వెనక రమ్మని సైగ చేశాడు. కర్ర పోటేసుకుంటూ, నాలుగడుగులకోసారి ఆగుతూ ఊళ్ళోకి నడిచాడు. ఆరేళ్ళ తర్వాత తాత జోలెతో వస్తున్నాడని ఇళ్ళలోంచి జనం బయటికి వచ్చారు. కొందరు ముంతలు కూడా తెచ్చారు. తాత ఎవరి దగ్గరా ఆగలేదు. నేరుగా వీధి చివరికి వెళ్ళి, హొన్నూరమ్మ గడప ముందు నిలబడ్డాడు.

"తాత పిడికిలి, తల్లీ," అని పిలిచాడు.

ఆమె పరుగులాంటి నడకతో లోపలికి వెళ్ళి ముంత తెచ్చింది. ముంత మెడ దాకా నిండి ఉంది. దాన్ని వంచి, మళ్ళీ లోపలికి వెళ్ళి ఇంకో చిప్ప తెచ్చింది. ముంతలో పట్టకపోతే అందులో వేసిందట. జోలె రాకపోయినా నాలుగు వారాలూ ఎసరు పెట్టిన ప్రతిసారీ ఆమె పిడికెడు తీస్తూనే ఉంది. పక్కింటామె అది చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చాలు తల్లీ," అన్నాడు తాత. తర్వాత అరుగు మీద కూలబడి, "అమ్మా, నా వెంట ఒక ఆకలిగొన్నవాడు వచ్చినాడు. ఇంత అంబలి పొయ్యి," అన్నాడు.

శరభయ్య తనకు వద్దని చెప్పబోయాడు.

"దోసిలి పట్టు, శరభా," అన్నాడు తాత.

మూడేళ్ళుగా అతను జోలె పట్టింది మఠం కోసం. తన కోసం ఒకరి ముందు చెయ్యి చాచిన మనిషి కాడు. ఇంట్లో ఉన్నప్పుడు అన్నీ ముందుకే వచ్చేవి, మఠంలో తనే వడ్డించుకునేవాడు. వీధంతా చూస్తుండగా గడప ముందు వంగి, రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాడు. ముఖం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

హొన్నూరమ్మ కుండ తెచ్చి వంచింది. కొర్ర అంబలి, చల్లగా, పుల్లగా ఉంది. అతను తాగాడు. ఆమె పోస్తూనే ఉంది. అతను చాలు అనేదాకా ఆమె ఆపకూడదు కదా. అందామంటే గొంతు పూడుకుపోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగి ఏమీ కనిపించలేదు. అంబలి వేళ్ళ సందుల్లోంచి మోచేతుల మీదుగా కారుతోంది. ఆమె కుండను ఇంకాస్త వంచింది, తర్వాత ఇంకాస్త. పలుచటి అంబలి అయిపోయి అడుగున ఉన్న చిక్కటి మెతుకులు అతని అరచేతిలో పడ్డాయి. అది ఆమె సాయంత్రానికి దాచుకున్న కూడు.

"చాలు తల్లీ," అని శరభయ్య భోరుమన్నాడు.

హొన్నూరమ్మ వెంటనే కుండ ఎత్తేసింది. అతను ఎందుకు ఏడుస్తున్నాడో అడగలేదు. కుండ అంచును అరచేత్తో తుడిచి, "ఉప్పు తక్కువైందేమో సామీ," అంది.

తాత కర్ర ఆనించుకుని లేచి, జోలె తీసి శరభయ్య భుజానికి తగిలించాడు.

"మూడేళ్ళుగా చాలు తల్లీ అని అంటానే ఉన్నావు. ఈ పొద్దు విన్నాను," అన్నాడు. "పద, మఠంలో జనం కూర్చుని ఉంటారు."