సేనాపతి ఇవ్వని సెలవు

సముద్రపు ఒడ్డునున్న ఒక రాజ్యంలో కుర్రాళ్లంతా సైన్యంలో పనిచేసి తీరాలి. అంతకుముందే ఓడ ఎక్కాలంటే సేనాపతి వీరమల్లుడి అనుమతి కావాలి. ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

ఇంకా సైన్యంలో చేరని జాలరి కుర్రాడు దాలయ్య. అతని తండ్రి పడవ తుఫానుకు పగిలింది. ఆయన కాలు విరిగి ముత్యాలదీవిలో పడి ఉన్నాడు. ఆ కబురు తెచ్చిన ఓడ సాయంత్రమే తిరిగి వెళ్తోంది. దాలయ్య పరుగున రాజుగారి కొలువుకు వెళ్లి మొరపెట్టుకున్నాడు.

"వీల్లేదు ప్రభూ. సముద్రం దాటిన కుర్రాడు తిరిగి రాడు," అన్నాడు సేనాపతి.

రాజు సరేనన్నట్టు తలూపాడు. ఓడవాళ్లు దాలయ్యకు ఇంకో కబురు కూడా చెప్పారు. దాన్ని సేనాపతి మీద నేరం మోపినట్టు చెబితే తల దక్కదు.

"అయ్యగారు చెప్పింది నిజమే ప్రభూ," అన్నాడు మెల్లగా. "అలా వెళ్లినవాళ్లను ఎవరో ఒకరు వెళ్లి తీసుకురావాలి. అయ్యగారి అబ్బాయి కేతనబాబు నిరుటి నుంచీ ఆ దీవిలోనే ఉన్నారట. ఆయనా ఇంకా సైన్యంలో చేరలేదు. నన్ను పంపితే మా నాన్నతోపాటు ఆయన్నీ తీసుకొస్తాను. ఇద్దరం కలిసే సైన్యంలో చేరతాం."

సేనాపతి మొహం పాలిపోయింది. రాజు ఆయన వైపు తిరిగాడు.

"ఇతన్ని పంపుతావా, నువ్వే వెళ్తావా?"

సేనాపతి అనుమతి ముద్ర వేశాడు.

వానలు మొదలయ్యేలోగా ఓడ తిరిగొచ్చింది. దాలయ్య తండ్రిని వీపున మోసుకుంటూ దిగాడు. వాళ్ల మూటలు మోస్తూ వెనకాలే కేతనబాబు దిగాడు.