గైరమ్మ బ్రష్షు, జమీందారు సగం గడ్డం

అనగనగా ఒక ఊళ్ళో ఒక గడ్డం ఉండేది. నవ్వకే పండూ! గడ్డం వెనకాల జమీందారు కూడా ఉండేవాడులే. కానీ ఆయనకంటే ముందు ఆ గడ్డమే గుమ్మం దాటేది, అంత పొగరు దానికి. ఊఁ కొడుతూ విను. నీ ఊఁ ఆగిందంటే నా కథా ఆగుతుంది.

ఆ జమీందారు ఊరికి ఒక కట్టడి పెట్టాడు. గడ్డం గీసుకోవడానికి సబ్బు నురగ దివాణంలోనే వాడాలి. ఊళ్ళో ఇంకెవరి చెంప మీదా నురగ కనబడకూడదు. మిగతావాళ్ళంతా వట్టి చన్నీళ్ళు తడుపుకుని గీయించుకోవాలి. ఎందుకయ్యా అంటే, నురగ పూసుకుంటే అందరి ముఖాలూ ఒకేలా తెల్లగా కనబడతాయట! జమీందారెవరో, కూలివాడెవరో తెలీదట! చూశావా ఆయన బుద్ధి!

ఆ ఊళ్ళో గడ్డాలు గీసేవాడు పైడయ్య. పెద్దవాడై చేతులు వణకడం మొదలెట్టాక, కూతురు గైరమ్మ కత్తి అందుకుంది. ఆడపిల్ల కత్తి పట్టడమేంటని కొందరు మూతులు ముడిచారు. అప్పుడు గైరమ్మ, "అయితే పెంచుకోండి" అంది. అంతే! గడ్డాలు దురద పెట్టాక వాళ్ళే నోరు మూసుకుని వచ్చి పీట మీద కూర్చున్నారు.

గైరమ్మకి ఉన్న బాధల్లా ఒక్కటే. తండ్రి చెంపలు ఉల్లిపొరలా పల్చబడ్డాయి. వట్టి నీళ్ళతో గీస్తే గీసినప్పుడల్లా నెత్తురు. ఊరందరి గడ్డాలూ నున్నగా గీసిన మనిషికి, సొంత కూతురి చేతిలో నెత్తురు కారితే ఆ పిల్లకి ఎలా ఉంటుంది చెప్పు? ఒకరోజు దివాణానికి వెళ్ళి, "మా అయ్య చెంపకి పిసరంత నురగ పూసుకోనివ్వండి బాబూ" అని అడిగింది.

"నీ అయ్యకి నురగా!" అని జమీందారు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు గైరమ్మ మర్చిపోలేదు. నేనైనా మర్చిపోను.

ఇలా ఉండగా, పట్నం నుంచి ఫోటో తీసే ఆయన వస్తున్నాడని కబురొచ్చింది. అప్పుడు జమీందారు తెల్లదొరల సీమ నుంచి కొత్త బ్రష్షు తెప్పించాడు. బ్యాడ్జరు అని, చలిదేశాల్లో బొరియలు తవ్వుకుని బతికే జంతువుందిలే. ముఖం మీద తెల్లటి చారలుంటాయి. దాని వెంట్రుకలతో కట్టిన బ్రష్షు అది.

నౌకరు దాన్ని తడిపీ తడపకుండా సబ్బు మీద రుద్దాడు. నురగ రాలేదు, తడిసిన మేక కంపు మాత్రం గుప్పుమంది. ఆ తర్వాత సలసల కాగే నీళ్ళలో ముంచాడు. నాలుగు వెంట్రుకలు ఊడి పైకి తేలాయి. ఆ తర్వాత జమీందారే లాక్కుని, దాని మీద పగ ఉన్నట్టు చెంపకేసి నొక్కి నొక్కి రుద్దాడు. చెంప మంటెత్తింది తప్ప, నురగన్న మాటే లేదు.

అప్పుడు గైరమ్మని పిలిపించాడు. "ఫోటో రోజుకి దీన్లోంచి వెన్నలాంటి నురగ రావాలి. రాలేదా, నీ కత్తీ, కత్తుల పొదీ లాక్కుని, తండ్రీకూతుళ్ళిద్దర్నీ పొలిమేర దాటిస్తాను" అన్నాడు.

"కొత్త బ్రష్షండీ. ఉడికిస్తే చస్తుంది, నలిపితే అలుగుతుంది. మెల్లగా మచ్చిక చేసుకోవాలి. దీన్నీ సబ్బునీ ఇంటికి పట్టుకెళ్తాను" అంది గైరమ్మ.

"పట్టుకుపో. ఎలా చేస్తావో నాకనవసరం" అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకో పండూ. ఆయనే అన్నాడు, ఆయన నోటితోనే.

గైరమ్మ ఇంటికొచ్చి బ్రష్షుని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టింది. ఆ తర్వాత నీళ్ళు విదిలించి, సబ్బు మీద గుండ్రంగా, చంటిపిల్ల తల నిమిరినట్టు తిప్పింది. కొంచెం కొంచెంగా తడి చూపించింది. అయినా కొత్తది కదా, బిర్రుగానే ఉంది. దానికి సబ్బుబిళ్ళ చాలదు, గడ్డాలు కావాలి.

"ముందు నువ్వే కూర్చో అయ్యా" అని గైరమ్మ తలుపు వేయబోయింది.

పైడయ్య లేచి నిలబడ్డాడు. "తలుపేసి పూస్తే నాకొద్దు. వీధరుగు మీద, పట్టపగలు, ఊరంతా చూస్తుండగా పూస్తే పూయించుకుంటాను. దొంగతనంగా పూసుకోడానికి నేనేం తప్పు చేశానే? అందాకా నాకు నీళ్ళే చాలు. నెత్తురైతే అవనీ!"

మొండివాడమ్మా! గైరమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. కానీ ఏడవలేదు. "సరే అయ్యా. అరుగు మీదే పూస్తాను, పట్టపగలే పూస్తాను. చూడు మరి" అంది.

మిగతావాళ్ళకి అంత పంతం లేదులే. పెరటిదారిన వచ్చేశారు. ముందు కుండలు చేసే సూరన్న గడ్డం మీద తిప్పింది. నురగ నీళ్ళమజ్జిగలా జారిపోయింది. ఆ తర్వాత బట్టలుతికే లచ్చన్న వచ్చాడు. ఈసారి కాస్త నిలిచింది, మేక కంపూ తగ్గింది. ఆ తర్వాత మేకలు కాసే ఎర్రయ్య కూర్చున్నాడు. అప్పుడు చూడాలి! పాలు పితికేటప్పుడు చెంబులో పొంగుతుందే, అలాంటి నురగ ఎర్రయ్య చెవుల దాకా లేచింది. ఆ ముసలాడు కళ్ళు మూసుకుని, "ఇంత మెత్తగా ఉంటుందటే ఇది? ఇన్నాళ్ళూ మనకి లేకుండా చేశాడటే!" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నురగలో తెలీలేదు.

ఫోటో రోజు వచ్చింది. దివాణం ముందు ఊరంతా పోగైంది. లోపల గైరమ్మ బ్రష్షుని నానబెట్టింది, విదిలించింది, తిప్పింది. జమీందారు చెంపల మీద నురగ పొంగిపోయింది. ఒక చెంప నున్నగా గీసేసింది.

"ఆహా! ఏం చేశావే దీన్ని?" అన్నాడాయన, అద్దంలో చూసుకుని మురిసిపోతూ.

గైరమ్మ కత్తి దించింది. "సూరన్న గడ్డం మీద తిప్పానండి. ఆ తర్వాత లచ్చన్న గడ్డం మీద, ఆ తర్వాత ఎర్రయ్య గడ్డం మీద. వాళ్ళ చలవేనండి ఈ మెత్తదనం. ఎలా చేస్తావో అనవసరం అన్నారు కదండీ!"

అమ్మో! జమీందారు కుర్చీలోంచి ఎగిరి లేచాడు. "వాళ్ళ గడ్డాల మీద తిరిగింది నా ముఖం మీదా! పో, నా ఊళ్ళోంచి పో!" అని అరిచాడు.

గైరమ్మ కత్తి మడిచి, పొది చంకన పెట్టుకుని గుమ్మం దాకా నడిచింది.

అప్పుడు జమీందారు నౌకర్ని గీయమన్నాడు. కత్తి పేరెత్తగానే వాడు తువ్వాలు ఆయన చేతిలో పెట్టి వెనక్కి జరిగాడు. ఆ తర్వాత జమీందారు ఆ తువ్వాలుతో తుడుచుకుందామని అద్దంలో చూసుకున్నాడు. ఒక చెంప నున్నన, ఒక చెంప గరుకు. అదేం ముఖం! ఆ తర్వాత బయటనుంచి ఫోటో ఆయన కేకేశాడు, "ఎండ పోతోందండీ, తొందరగా రావాలి!"

"ఒసేయ్ గైరమ్మా, ఆగు! రెండోది కూడా గీసి తగలడు" అన్నాడు జమీందారు.

గైరమ్మ గుమ్మంలోనే నిలబడింది. "గీస్తానండి. ముందు మీరు బయటికెళ్ళి, నురగ ఎవరి చెంప మీదైనా ఉండొచ్చని ఊరందరికీ చెప్పండి. చెప్పనంటారా, తుడిచేసుకోండి. చన్నీళ్ళతో గీస్తాను, గాట్లు పడితే ఫోటోలోనూ పడతాయి. మాకు పెట్టిన కట్టడే మీకూనూ."

"నన్నే ఎదిరిస్తావా!"

"ఎదిరిస్తున్నానండి" అంది గైరమ్మ. ఎంత చక్కగా అందో! గొంతు పెంచలేదు, తల దించలేదు.

నురగ ఆరిపోయి చెంప చిరచిరలాడుతోంది. ఎండ పోతోంది. జమీందారు పళ్ళు నూరుకుంటూ, సగం తెల్లగా సగం నున్నగా ఉన్న ముఖంతోనే అరుగు మీదికొచ్చాడు. ఊరు నోరు వెళ్ళబెట్టి చూసింది. "నురగ... ఎవరైనా పూసుకోవచ్చు" అని గొణిగాడు.

"వినబడలేదండీ!" అని జనంలోంచి పైడయ్య అరిచాడు. ఆ ముసలాడి గొంతు అంత పెద్దదని ఎవరికీ తెలీదు. జమీందారు మళ్ళీ చెప్పాల్సొచ్చింది, గట్టిగా.

అప్పుడు గైరమ్మ రెండో చెంప కాస్త తడిపి, నున్నగా గీసింది. మాటంటే మాటే. ఆయన ముఖం తుడుచుకుని, "ఆ బ్రష్షు మళ్ళీ నా కంటపడకూడదు, తీసుకుపో" అన్నాడు. అంతకంటే ఏం కావాలి!

ఆ సాయంత్రమే, ఇంకా వెలుతురుండగానే, గైరమ్మ వీధరుగు మీద పీట వేసింది. పైడయ్య వచ్చి దర్జాగా కూర్చున్నాడు. ఆమె బ్రష్షుని నానబెట్టి, విదిలించి, గుండ్రంగా తిప్పి తండ్రి చెంపల నిండా నురగ పూసింది. ఒక చెంప మీద కత్తి నడిచింది. ఒక్క చుక్క నెత్తురు రాలేదు పండూ, ఒక్క చుక్క!

వీధిలో జనం ఆగి ఆగి చూస్తున్నారు. గైరమ్మ రెండో చెంపకి వస్తుంటే పైడయ్య ఆమె చేయి పట్టుకుని ఆపాడు.

"తొందరేముందే అమ్మా? ఇంకాసేపు ఉండనీ. చూడని వాళ్ళు కూడా వచ్చి చూడనీ."

కథ పోయె కంచికి, మనమొస్తిమి ఇంటికి,
నురగొచ్చె అందరి చెంపకి, నిద్దరొచ్చె నీ కంటికి!