హస్తవాసికి పరీక్ష

మణిదుర్గమనే ఒకానొక రాజ్యాన్ని చండవిక్రముడనే రాజు ఏలేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే గొప్పలంటే పడిచచ్చేవాడు. ఊరందరూ తాగే నీళ్ళు తన గడప తొక్కినా పరువు తక్కువనుకునే రకం.

ఆయన కొలువులో అక్కమాంబ అనే పెద్దావిడ ఉండేది. పొద్దున్న కోటలోని పిల్లలకు చదువు చెప్పేది, మధ్యాహ్నం కొలువులో చమత్కారంగా మాట్లాడి రాజును నవ్వించేది. రెంటిలో ఏది కష్టమని ఎవరైనా అడిగితే, "పిల్లలు ప్రశ్నలడుగుతారు. రాజుగారు అడగరు. అందుకని కొలువే కష్టం" అనేది.

ఆమె శిష్యుల్లో మేటి కుందమ. గుర్రపుదళం నాయకుడు ఎఱ్ఱమ కూతురు. యువరాజు ఆ పిల్లను ఇష్టపడ్డాడు, రాజూ ఔనన్నాడు, ముహూర్తం పెట్టారు. సొంత మనవరాలి పెళ్ళి జరుగుతున్నట్టే అక్కమాంబ మురిసిపోయింది.

పెళ్ళికి ముందు మట్టిపాలికల్లో నవధాన్యాలు చల్లి, పెళ్ళికూతురి చేత నీళ్ళు పోయించడం అక్కడి ఆచారం. మొలకలు ఎంత ఏపుగా వస్తే కాపురం అంత పచ్చగా ఉంటుందని నమ్మకం. మామూలుగా ఎవరైనా ఇంట్లో బావినీళ్ళే పోస్తారు. చండవిక్రముడు మాత్రం, "మా ఇంటి పెళ్ళికి బావినీళ్ళా?" అని మీసం దువ్వి, ఏనుగును పంపి, నది సముద్రంలో కలిసేచోటి నుంచి బంగారు బిందెలతో సంగమజలం తెప్పించాడు. కుందమ రోజూ భక్తిగా ఆ నీళ్ళే పోసింది.

ఒక్క గింజా మొలవలేదు.

ఆస్థానపండితుడు శంభుభట్టు పాలికల్లోకి తొంగిచూసి, నిండుకొలువులో పెదవి విరిచాడు. "ప్రభూ! గింజలు తమ ధాన్యాగారంలోవి. మట్టి పూజ చేసి తెచ్చినది. నీళ్ళా, సాక్షాత్తూ సంగమజలం! వీటికి వంక పెట్టలేం. ఇక మిగిలింది ఆ పిల్ల చెయ్యే. హస్తవాసి చెడ్డది. ఈమె ఇంట కాలుపెడితే వంశం మోడువారుతుంది."

రాజు ముఖం నల్లబడింది. పెళ్ళి ఆపించేశాడు. ఈ మాట కోట దాటితే తన కూతుర్ని పేరంటానికి కూడా ఎవరూ పిలవరని తెలిసి ఎఱ్ఱమ తల వంచుకున్నాడు. యువరాజు ఏదో అనబోతే రాజు కళ్ళెర్రజేశాడు.

ఆ సాయంత్రం కుందమ అక్కమాంబ దగ్గరకు వచ్చింది. ఏడ్చి వచ్చిందని కళ్ళు చెబుతూనే ఉన్నాయి. కానీ మాట తడబడలేదు.

"అమ్మా, ఆ పాలికలో నా చెయ్యొక్కటే లేదుగా? గింజ ఉంది, మట్టి ఉంది, నీళ్ళున్నాయి. భట్టుగారు చూడకుండానే నా చేతికి అంటగట్టారు. అవే నీళ్ళు ఇంకొకరు పోసి చూడాలి. వేరే నీళ్ళు నేను పోసి చూడాలి. మిగతావన్నీ ఒక్కలాగే ఉండాలి. నాకు నాలుగు పాలికలు కావాలి."

అక్కమాంబకు గుండె పొంగింది. ఇన్నేళ్ళు చెప్పిన చదువు ఆపదలో అక్కరకొచ్చింది. "పాలికల సంగతి నువ్వు చూసుకో తల్లీ! రాజును ఒప్పించే పూచీ నాది" అంది.

మర్నాడు కొలువు తీరగానే ఆమె చేతులు జోడించింది. "జయము మహారాజా! మనకు గొప్ప ఆయుధం దొరికింది."

"ఏమిటది?"

"కుందమ చెయ్యి! దాన్ని ఇంట్లో కూర్చోబెట్టడమేమిటి ప్రభూ? పొరుగురాజు పొలాల మీద ఆ చేత్తో నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలు. పైరు మాడుతుంది, కత్తి దూయకుండా రాజ్యం మనదవుతుంది."

రాజు కళ్ళు మెరిశాయి. "భేష్! రేపే పంపుదాం!"

"పంపుదాం. కానీ పదును చూడకుండా కత్తిని యుద్ధానికి తీసుకెళతామా? ఒక పాలికకు కుందమ నీళ్ళు పోస్తుంది. పక్కదానికి మంచి హస్తవాసి ఉన్నవారు పోయాలి. రాజ్యంలో అంత గొప్ప చెయ్యి ఎవరిదో..."

"మాది కాక ఇంకెవరిది?" అన్నాడు రాజు.

"అదీ మాట! ఇంకొక్కటి. శత్రువు పొలాలకు సంగమజలం ఎక్కడిది? బావినీళ్ళేగా! వాటితోనూ ఆయుధం పనిచేస్తుందో లేదో చూడాలి. అందుకని తమరికి రెండు పాలికలు, పిల్లకు రెండు. ఒకదానికి సంగమజలం, ఒకదానికి బావినీళ్ళు."

"మేము బావినీళ్ళు ముట్టాలా?"

"యుద్ధమన్నాక బురద తొక్కక తప్పదు ప్రభూ!"

రాజు ఒప్పుకున్నాడు. శంభుభట్టు హడావుడిగా ముందుకొచ్చి, ఏరిన గట్టిగింజలు రాజుగారి పాలికల్లో చల్లి కిటికీ దగ్గర పెట్టించాడు. తాలుగింజలు కుందమ పాలికల్లో పోసి స్తంభం చాటుకు నెట్టాడు.

"భట్టుగారూ!" అంది కుందమ. "ఇలా అయితే రేపు తేడా వచ్చినా, అది చెయ్యి వల్లనా, చీకటి వల్లనా, తాలు వల్లనా ఎలా తెలుస్తుంది? మనం చూడాలనుకున్న తేడా తప్ప ఇంకే తేడా ఉండకూడదు."

భట్టు ఉరిమి చూశాడు. కానీ రాజుకు పౌరుషం వచ్చింది. "మా చెయ్యి గెలవడానికి కిటికీ సాయం కావాలా? అన్నీ ఒక్క రాశిలోంచే చల్లండి! అన్నీ ఒక్కచోటే పెట్టండి!"

అక్కమాంబ శిష్యులు గిన్నె కొలతతో నీళ్ళందించారు. రాజు నీళ్ళు పోస్తుంటే అలవాటుగా సన్నాయి మోగింది. "అయితే నాకూ ఊదాలి" అంది కుందమ. ఎందుకని అడిగారు. "రేపు మొలకలు సన్నాయికి లేచాయంటారేమో!" సన్నాయివాళ్ళు చచ్చినట్టు ఆమెకూ ఊదారు. ఎవరూ పాలికల జోలికి పోకుండా శిష్యులు వంతులవారీగా కాపలా కాశారు.

వారం తిరిగేసరికి కొలువంతా పాలికల చుట్టూ మూగింది. బావినీళ్ళు పోసిన రెండూ పచ్చగా కళకళలాడుతున్నాయి. సంగమజలం పోసిన రెండూ బోసిగా ఉన్నాయి.

"భట్టుగారూ, మొలవకపోతే హస్తవాసి చెడ్డదన్నారు కదూ?" అని అక్కమాంబ బోసిపోయిన పాలికొకటి ఎత్తి చూపింది. "ఇదిగో, మహారాజుగారు నీళ్ళు పోసినది. తీర్పు చెప్పండి."

శంభుభట్టు కండువా అందుకున్నాడు. "అదీ... ప్రభువుల హస్తం దివ్యమైనది... అయినా పాలిక... పాలిక మాత్రం..." అంటూ చెమట తుడుచుకున్నాడు.

రాజు అతన్ని పట్టించుకోలేదు. పాలికల వెంట అటు నడిచాడు, ఇటు నడిచాడు. "మేం పోసినా మొలిచాయి, పిల్ల పోసినా మొలిచాయి. ఇక్కడ మేం పోసినా మొలవలేదు, పిల్ల పోసినా మొలవలేదు. చేతులు మారితే ఏమీ మారలేదు. మారింది నీళ్ళతోనే!" బంగారు బిందెలో వేలు ముంచి నాలుకకు రాసుకుని, "ఛీ! ఉప్పు!" అన్నాడు.

"పుణ్యం మనుషులకు కావాలి ప్రభూ! గింజకు మంచినీళ్ళు చాలు" అంది అక్కమాంబ.

కొలువులో అందరూ రాజు వైపు తిరిగారు. ఆ నీళ్ళు తెప్పించిందెవరో అందరికీ తెలుసు.

చండవిక్రముడు బిందెను పక్కకు నెట్టాడు. ఆ తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. "అంటే మొలకల్ని చంపింది మా గొప్పేనన్నమాట! నింద మాత్రం పిల్ల మోసింది. ఎఱ్ఱమా, తల ఎత్తవయ్యా, తప్పు మాది! మరి అక్కమాంబా, నువ్వు చెప్పిన ఆయుధం మాటేమిటి?"

"ఆయుధం లేదు ప్రభూ! కోడలు మాత్రం ఉంది."

యువరాజు అందరికంటే గట్టిగా నవ్వాడు. రాజు మహాపండితుల కాలికి తొడిగే గండపెండేరం తెప్పించి అక్కమాంబ ముందుంచాడు. ఆమె దాన్ని కళ్ళకద్దుకుంది గాని తొడుక్కోలేదు.

"తమరిని ఒప్పించిన నోరు నాది. పాలికలు పేర్చిన బుద్ధి దానిది" అని కుందమ పాదం ముందు కూర్చుని తన చేత్తోనే తొడిగింది.

పెళ్ళిపీటల మీదికి కుందమ పెండేరం ఘల్లుమనిపిస్తూ వచ్చింది. ఎదురైన ప్రతి ముత్తైదువనూ ఆపి అక్కమాంబ, "నా శిష్యురాలు" అని చెప్పుకుంది. ఆ సంగతి ఊరందరికీ తెలిసిందే. అయినా చెప్పుకుంది.